‘చేశాను’కు ఇంగ్లీషులో రెండు రూపాలు: ఒమాన్ తెలుగువారి నుండి మనకొక పాఠం

తోటల్లో పనికి సముద్రాలు దాటిన తెలుగువారి సంతతి నేడు తెలుగును మళ్ళీ నేర్చుకొంటున్నది. మారిషస్‌లో క్రియోల్, మలేషియాలో మలయ్, ఫిజీలో ఫిజీ హిందీ, దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషు మన చుట్టూ అల్లుకొన్న తరువాత, మనము తెలుగు వ్యాకరణాన్ని చాలావరకు ఇంగ్లీషు మీదుగానే చేరుకొంటున్నాము. ఒమాన్‌లో ఉంటున్న తెలుగువారిది దీనికి ఎదురు దారి. వారు తెలుగు నుండి ఇంగ్లీషులోకి నడుస్తున్నారు. ఈ రెండు దారులూ ఎదురుపడే చోట్లలో ముఖ్యమైనది భూతకాల క్రియ. అక్కడ వారు ఎందుకు తడబడతారో గమనిస్తే, మనము ఎందుకు తడబడతామో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసానికి ఒమాన్‌ను ఎంచుకొన్నాము.

ఉపాధి కోసం ఒమాన్‌కు వెళ్ళిన తెలుగువారిలో కడప, గోదావరి ప్రాంతాల నుండి ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలున్నారు. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి నిర్మాణ పనులకు వెళ్ళిన పురుషులున్నారు. నర్సులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు ఉన్నారు. ఆ దేశపు అధికార భాష అరబ్బీ. తోటి కార్మికుల మధ్య హిందీ నడుస్తుంది. అయితే ఉద్యోగపు ఇంటర్వ్యూలో, ఆసుపత్రిలో, కంపెనీ కార్యాలయంలో వేర్వేరు దేశాలవారు ఎదురైనప్పుడు మాట సాగేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. అక్కడ క్రియ ఒకటి మారితే లెక్క మారవచ్చు.

చిక్కు ఎక్కడ ఉన్నది

‘మందు ఇచ్చాను’ అనే వాక్యాన్ని తీసుకొందాము. దీనికి ఇంగ్లీషులో ‘ఐ గేవ్ ద మెడిసిన్’ అనవచ్చు. ‘ఐ హ్యావ్ గివెన్ ద మెడిసిన్’ అని కూడా అనవచ్చు. మొదటిదానిని పాస్ట్ సింపుల్ అంటారు, రెండవదానిని ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటారు. తెలుగులో ఒక్కటిగా ఉన్న క్రియ ఇంగ్లీషులో రెండుగా చీలుతున్నది.

పాస్ట్ సింపుల్ గడిచిపోయిన కాలంలో నిలబడి మాట్లాడుతుంది. ‘ఎప్పుడు?’ అనే ప్రశ్నకు అది జవాబు. ‘ఐ వెంట్ టు నిజ్వా లాస్ట్ ఫ్రైడే’ అన్నప్పుడు పోయిన శుక్రవారం ముగిసిపోయింది, ప్రయాణమూ ముగిసింది. ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఇప్పటి క్షణంలో నిలబడి వెనుకకు చూస్తుంది. జరిగిన పనికి ఇప్పటితో ఏదో ఒక సంబంధం మిగిలి ఉన్నదని అది చెబుతుంది.

ఒమాన్‌లో విదేశీ కార్మికుని జేబులో తప్పక ఉండవలసిన రెసిడెంట్ కార్డునే చూడండి. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కార్డ్’ అంటే కార్డు పోయింది, ఇప్పుడు చేతిలో లేదు, సహాయం కావాలి అని అర్థం. ‘ఐ లాస్ట్ మై కార్డ్ లాస్ట్ ఇయర్’ అంటే అది నిరుటి సంగతి. తరువాత కొత్త కార్డు వచ్చి ఉండవచ్చు. తెలుగులో రెండు చోట్లా ‘కార్డు పోగొట్టుకొన్నాను’ అనే అంటాము.

ఇంగ్లీషులో ఒక నియమం గట్టిది. ముగిసిపోయిన కాలాన్ని చెప్పే మాట, అంటే నిన్న, పోయిన వారం, 2019లో, రెండేళ్ళ క్రితం వంటిది, వాక్యంలో ఉంటే ప్రెజెంట్ పర్ఫెక్ట్ పనికిరాదు. ‘ఐ హ్యావ్ కమ్ యెస్టర్‌డే’ అనేది తప్పు. ‘ఐ కేమ్ యెస్టర్‌డే’ అనాలి. కాలం ఇంకా ముగియకపోతే ప్రెజెంట్ పర్ఫెక్ట్ వస్తుంది. నెల నడుస్తుండగా ‘ఐ హ్యావ్ వర్క్డ్ త్రీ ఫ్రైడేస్ దిస్ మంత్’ అంటారు. అదే నెల దాటిన తరువాత ‘ఐ వర్క్డ్ త్రీ ఫ్రైడేస్ లాస్ట్ మంత్’ అవుతుంది. శుక్రవారం సెలవు దినమైన ఒమాన్‌లో ఓవర్‌టైమ్ లెక్క చెప్పేవారికి ఈ రెండూ కావాలి.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. ‘ఇప్పుడే’, ‘ఇప్పటికే’ అనే అర్థం వచ్చే ‘జస్ట్’, ‘ఆల్రెడీ’ల పక్కన బ్రిటిష్ ఇంగ్లీషు ప్రెజెంట్ పర్ఫెక్ట్‌ను కోరుతుంది. అమెరికావారి మాటలో పాస్ట్ సింపుల్ కూడా చెల్లుతుంది. సినిమాలలో ‘డిడ్ యు ఈట్ యెట్?’ అని వినిపిస్తే అది ఆ దేశపు వాడుక అని గ్రహించాలి.

తెలుగు దీనిని ఎక్కడ దాచుకొన్నది

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి వర్తమానం, భూతం, భవిష్యత్తు, తద్ధర్మం అనే విభాగాలు చెప్పారు. అందులో భూతకాలానికి ఇంగ్లీషులో వలె రెండు గదులు లేవు. నేటి మాటలోనూ అంతే. కోస్తావారు ‘వచ్చాడు’ అంటారు, రాయలసీమవారు ‘వచ్చినాడు’ అంటారు, తెలంగాణవారు ‘వచ్చిండు’ అంటారు. రూపాలు మూడు, ప్రాంతాన్ని బట్టి మారేవే గాని అర్థాన్ని బట్టి మారేవి కావు. మీ ఇంటి పెద్దలు ‘వచ్చినాడు’ అని ఉంటే అది తప్పు తెలుగు కాదు. ఒమాన్‌లో ఒకే గదిలో ఈ మూడూ వినిపించవచ్చు.

అయితే తెలుగువారికి ‘ఇప్పటితో సంబంధం’ అనే భావమే లేదా? ఉన్నది. అది క్రియలో కాక, కాలాన్ని చెప్పే మాటలో ఉన్నది. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుంచుకోవాలంటే దానినే గుర్తుంచుకోండి. ఇంగ్లీషువారు క్రియను మారుస్తారు. మనము కాలపు మాటను మారుస్తాము.

దీనికి మంచి సాక్షి ‘ఉన్నాను’ అనే క్రియ. ‘ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాను’ అన్నప్పుడు అది వర్తమానం. ‘అప్పుడు మస్కట్‌లో ఉన్నాను’ అన్నప్పుడు అది భూతం. క్రియలో ఒక్క అక్షరమైనా మారలేదు. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చదవండి.

పదేళ్ళు మస్కట్‌లో ఉన్నాను.
పదేళ్ళుగా మస్కట్‌లో ఉన్నాను.

మొదటివారు సాధారణంగా మస్కట్ విడిచి వచ్చేసినవారు. రెండవవారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. తేడా అంతా ‘గా’ అనే ఒక్క అక్షరంలో ఉన్నది. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ లివ్డ్ ఇన్ మస్కట్ ఫర్ టెన్ ఇయర్స్’, రెండవది ‘ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ మస్కట్ ఫర్ టెన్ ఇయర్స్’. ఇంగ్లీషులో ‘హ్యావ్’ చేసే పనిని తెలుగులో ‘గా’ చేస్తున్నది.

‘గా’తో పాటు ఆ పని చేసే మాటలు మరికొన్ని ఉన్నాయి.

నుండి: ‘2015 నుండి సొహార్‌లో పని చేస్తున్నాను.’ పని నేటికీ సాగుతున్నది.
ఇంకా: ‘వీసా ఇంకా రాలేదు.’ రావలసి ఉన్నది, ఎదురుచూస్తున్నాము.
ఇప్పటికే: ‘టికెట్టు ఇప్పటికే కొన్నాను.’ మళ్ళీ కొనవలసిన పని లేదు.
ఇప్పుడే: ‘బస్సు ఇప్పుడే వెళ్ళింది.’
ఎప్పుడైనా: ‘సలాలాలో వానాకాలం ఎప్పుడైనా చూశారా?’ మీ జీవితంలో ఒక్కసారైనా అని అర్థం.

వీటితో వచ్చే తెలుగు వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చినప్పుడు సాధారణంగా ప్రెజెంట్ పర్ఫెక్ట్ వస్తుంది. ఇంగ్లీషు నుండి తెలుగులోకి వచ్చే మనము క్రియలో ‘హ్యావ్’ కోసం వెదకడం మాని, ఈ మాటలలో ఏది సరిపోతుందో చూడాలి. ‘ఐ హ్యావ్ సీన్’ అనేదానిని ‘నేను చూసి కలిగి ఉన్నాను’ అని రాస్తే తెలుగువారెవరికీ అర్థం కాదు. ‘చూశాను’ అంటే చాలు.

జీతం దగ్గర క్రియ విలువ

ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఒమాన్ తెలుగువారు తరచుగా చెప్పే వాక్యం ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’. ఇది ‘పదేళ్ళ నుండి ఇక్కడ పని చేస్తున్నాను’ అనే చక్కని తెలుగుకు నకలు. తెలుగులో ‘నుండి’ రెండు విధాల పనికి వస్తుంది: ‘2015 నుండి’ అని మొదలైన కాలాన్నీ చెబుతుంది, ‘పదేళ్ళ నుండి’ అని గడిచిన నిడివినీ చెబుతుంది. ఇంగ్లీషు ఈ రెండింటినీ విడదీసింది. మొదలుకు ‘సిన్స్’, నిడివికి ‘ఫర్’. పైగా నేటి దాకా సాగిన పనికి వట్టి వర్తమానం చాలదు. కనుక ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. అదే మనిషి ‘ఐ వర్క్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అంటే, వినేవారు ఆయన ఆ పని వదిలేశాడని అనుకొంటారు.

మనకు వచ్చే పొరపాటు దీనికి అద్దంలో బొమ్మ వంటిది. ఇంగ్లీషులోని ‘ఫర్ టెన్ ఇయర్స్’ను చూసి కొందరు ‘పదేళ్ళ కోసం ఇక్కడ నివసించాను’ అని రాస్తారు. ‘కోసం’ ప్రయోజనాన్ని చెప్పే మాట: పిల్లల కోసం, ఉపాధి కోసం. నిడివికి ‘గా’ కావాలి. ‘పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను’ అనాలి.

ఒమాన్‌లో 2021 జనవరి 1 నుండి, ఒప్పందం ముగిసిన విదేశీ ఉద్యోగి వేరొక యజమాని దగ్గర చేరడానికి పాత యజమాని ఇచ్చే ఎన్‌ఓసి అవసరం లేకుండా పోయింది. 2023లో 53/2023 రాజశాసనంతో కొత్త కార్మిక చట్టం వచ్చింది. ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని సేవాకాలాన్ని బట్టి లెక్కిస్తారు. ఇటువంటి చోట ఎన్నాళ్ళు పని చేశారు, ఇప్పటికీ చేస్తున్నారా అనేవి కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

జీతం అందని సందర్భాన్ని ఆలోచించండి. ‘మూడు నెలలు జీతం ఇవ్వలేదు’ అని తెలుగులో అంటే, అది పాత సంగతో నేటి బాధో తెలియదు. దానిని ‘ద కంపెనీ డిడ్ నాట్ పే మీ ఫర్ త్రీ మంత్స్’ అని మారిస్తే, ఎప్పుడో మూడు నెలలు ఆగింది, తరువాత సర్దుకొన్నది అనే అర్థం కూడా రావచ్చు. ‘ద కంపెనీ హ్యాజ్ నాట్ పెయిడ్ మీ ఫర్ త్రీ మంత్స్’ అంటే ఈనాటికీ బాకీ ఉన్నది. తెలుగులో ఆ స్పష్టత కావాలంటే ‘మూడు నెలలుగా జీతం ఇవ్వలేదు’ అనాలి. ఇక్కడా భారం మోసేది ‘గా’యే.

ఇంకొక మెలిక ఉన్నది. ‘మార్చి’ అనే మాట కనబడగానే ముగిసిన కాలం కదా, పాస్ట్ సింపుల్ రావాలి అని అనిపిస్తుంది. కాని ‘దే హ్యావ్ నాట్ పెయిడ్ మై మార్చ్ శాలరీ’ అనేది సరైన వాక్యమే. ఇక్కడ మార్చి జీతానికి పేరు మాత్రమే. ఇవ్వకపోవడం నేటి దాకా సాగుతున్నది. ‘దే డిడ్ నాట్ పే మీ ఇన్ మార్చ్’ అంటే మార్చి నెలలో డబ్బు రాలేదు అని మాత్రమే. ఏప్రిల్‌లో వచ్చి ఉండవచ్చు. తెలుగులో మొదటిది ‘మార్చి జీతం ఇంకా ఇవ్వలేదు’, రెండవది ‘మార్చిలో జీతం ఇవ్వలేదు’. ‘ఇంకా’ ఉన్న వాక్యంలో బాకీ బతికి ఉన్నది.

సంభాషణలో ఈ రెండు రూపాలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వృద్ధురాలిని చూసుకొనే స్త్రీని ఇంటివారు ‘హ్యావ్ యు గివెన్ హర్ ద మెడిసిన్?’ అని అడుగుతారు. ‘యెస్, ఐ హ్యావ్. ఐ గేవ్ ఇట్ ఎట్ ఎయిట్’ అని ఆమె జవాబు చెప్పాలి. పని అయిందా అనే ప్రశ్న ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో వస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అనే వివరం రాగానే మాట పాస్ట్ సింపుల్‌లోకి దిగుతుంది. తెలుగులో ఆ రెంటికీ ‘ఇచ్చాను, ఎనిమిదింటికి ఇచ్చాను’ అన్న ఒక్క క్రియే సరిపోతుంది.

వెళ్ళినవారు, వెళ్ళి వచ్చినవారు

‘హి హ్యాజ్ గాన్ టు హైదరాబాద్’ అంటే ఆయన హైదరాబాదుకు వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. ‘హి హ్యాజ్ బీన్ టు హైదరాబాద్’ అంటే వెళ్ళి వచ్చాడు. ఈ భేదాన్ని తెలుగు చాలా అందంగా చెబుతుంది: ‘వెళ్ళాడు’, ‘వెళ్ళి వచ్చాడు’. ‘వెళ్ళి’ వంటి రూపాన్ని మన వ్యాకరణవేత్తలు క్త్వార్థకం అన్నారు. ఒక పని ముగించి మరొక పనిలోకి పోవడాన్ని అది చూపుతుంది.

ఇల్లు విడిచేటప్పుడు తెలుగువారు ‘వెళ్తాను’ అనరు. ‘వెళ్ళి వస్తాను’ అంటారు. వట్టి ‘వెళ్తాను’ అశుభమని పెద్దల భావన. 1860లో మద్రాసు నుండి బయలుదేరి నవంబరు 16న నాటాల్ చేరిన ట్రూరో ఓడ ఎక్కినవారిలోని తెలుగువారూ, 1903 నుండి మద్రాసు మీదుగా ఫిజీకి వెళ్ళినవారూ ఆ మాటే చెప్పి ఉంటారు. వారిలో ఎందరో వెళ్ళారు గాని, వెళ్ళి రాలేదు. మనము వారి సంతతి. ఒమాన్‌కు వెళ్ళినవారు సెలవులకు వచ్చి పోగలుగుతున్నారు. రెండు వలసలకూ ఉన్న పెద్ద తేడా ఈ రెండు క్రియలలోనే ఇమిడి ఉన్నది.

పై పేరాలో ‘చెప్పి ఉంటారు’ అన్నాము. అది ఊహ. ‘దే మస్ట్ హ్యావ్ సెడ్’ అనే ఇంగ్లీషుకు సమానం. ‘చెప్పి ఉన్నారు’ అంటే ఊహ కాదు, నిలిచి ఉన్న స్థితి. ‘తలుపు తెరిచి ఉన్నది’, ‘గోడ మీద పేరు రాసి ఉన్నది’, ‘అతిథులు వచ్చి ఉన్నారు’ అన్నప్పుడు జరిగిన పని ఫలితం కళ్ళ ముందు నిలిచి ఉంటుంది. రూపంలో ఇది ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు దగ్గరి చుట్టం. అందుకని ప్రతి చోటా దీనిని వాడకండి. ‘నేను అన్నం తిని ఉన్నాను’ అంటే కృతకంగా వినిపిస్తుంది. ‘తిన్నాను’ అనండి, పూర్తయిందని నొక్కి చెప్పాలంటే ‘తినేశాను’ అనండి.

మీ ఇంటి భాష చేసే సాయం

మీకు తెలిసిన మరొక భాషలో ఈ తాళానికి చెవి ఉండవచ్చు. మలేషియాలో ‘సుదా మాకన్?’ అని అడిగితే, తినకపోతే ‘బెలుమ్’ అంటారు. అక్కడ క్రియ మారదు. ‘సుదా’, ‘బెలుమ్’ అనే మాటలే అంతా చెబుతాయి. మన ‘భోజనం అయిందా?’, ‘ఇంకా లేదు’ సరిగ్గా అదే తీరు. బాగాన్ దాతో కొబ్బరి తోటల తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ సంగతి ఇంగ్లీషు కంటే మలయ్ ద్వారా త్వరగా బోధపడుతుంది. మారిషస్ క్రియోల్‌లో ‘మో ఫిన్ మాంజే’ అంటే తినడం అయింది అని, ‘మో తి మాంజే’ అంటే అప్పుడు తిన్నాను అని భేదం ఉన్నది. హిందీలో ‘వో ఆయా’, ‘వో ఆయా హై’ అని రెండున్నాయి. ఒమాన్‌లో హిందీ పట్టుబడిన తెలుగువారు ఇంగ్లీషు క్రియను పోల్చుకోవడానికి ఇది మంచి మెట్టు.

అభ్యాసం

కింది వాక్యాలను మొదట తెలుగులో చెప్పి చూసి, తరువాత జవాబులు చదవండి.

1. ‘షి హ్యాజ్ లివ్డ్ ఇన్ సలాలా సిన్స్ 2012.’
2. ‘షి లివ్డ్ ఇన్ సలాలా ఫర్ టూ ఇయర్స్.’
3. ‘హ్యావ్ యు ఎవర్ ఈటెన్ గోంగూర?’
4. ‘ద షిప్ హ్యాజ్ నాట్ కమ్ యెట్.’
5. ‘మై బ్రదర్ హ్యాజ్ బీన్ టు మస్కట్.’

జవాబులు: 1. ఆమె 2012 నుండి సలాలాలో ఉంటున్నది. 2. ఆమె రెండేళ్ళు సలాలాలో ఉన్నది. 3. మీరు ఎప్పుడైనా గోంగూర తిన్నారా? 4. ఓడ ఇంకా రాలేదు. 5. మా అన్న మస్కట్ వెళ్ళి వచ్చాడు. తమ్ముడైతే ‘మా తమ్ముడు’ అనాలి. ఇంగ్లీషు చెప్పని ఈ భేదాన్ని తెలుగు తప్పక అడుగుతుంది.

ఇప్పుడు మీ కుటుంబం గురించి మూడు వాక్యాలు రాయండి. ఒకటి ముగిసిన కాలానిది, ఒకటి ‘గా’ ఉన్నది, ఒకటి ‘ఇంకా’ ఉన్నది. మచ్చుకు మూడు వాక్యాలు ఇస్తున్నాము.

మా ముత్తాత మద్రాసులో ఓడ ఎక్కాడు. మేము నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్నాము. ఆయన పుట్టిన ఊరి పేరు మాకు ఇంకా తెలియలేదు.

మూడవ వాక్యంలో నుండి ‘ఇంకా’ తీసివేసి ఒకసారి చదవండి. వెదకడం మానేసినట్లు వినిపిస్తుంది. మీ వాక్యంలో దానిని ఉంచండి.